అంకెల గడిలో తెలుగు మాట



డబ్బు వ్యవహారాలలో ఒక మొత్తాన్ని రెండు మార్లు వ్రాయడం మనకు పూర్వం నుంచి ఉన్న అలవాటు. మొదట అంకెలలో, ఆ వెంటనే అక్షరాలలో. రసీదు అయినా, ప్రామిసరీ నోటు అయినా, చెక్కు అయినా ఈ పద్ధతి తప్పదు. ఇది వట్టి ఆచారం కాదు. అంకె చివర మరొక సున్న చేర్చడం క్షణం పని. 'పది వేలు' అని వ్రాసిన మాటను 'లక్ష' చేయడం అంత సులభం కాదు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 18వ సెక్షను ఈ విషయాన్ని స్పష్టంగా నిర్ణయించినది. పత్రం మీద అంకెలలో ఒక మొత్తమూ, అక్షరాలలో వేరొక మొత్తమూ ఉన్నట్లయితే, అక్షరాలలో ఉన్నదే చెల్లించవలసిన మొత్తమని ఆ సెక్షను చెబుతున్నది. అనగా చట్టం దృష్టిలో అంకె కంటె అక్షరానిదే పైచేయి.

ఇంత విలువగల ఆ అక్షరాలను ఇప్పుడు వ్రాస్తున్నది ఎవరు? సహకార సంఘంలోనూ, పాఠశాలలోనూ, చిన్న దుకాణంలోనూ చిట్టా ఆవర్జాల స్థానాన్ని నేడు కంప్యూటరు మీది లెక్కల పట్టిక, అనగా స్ప్రెడ్‌షీటు, ఆక్రమించినది. కూడికలూ తీసివేతలూ యంత్రమే చేస్తున్నది. కాని అక్షరాలలో వ్రాయవలసిన పంక్తిని మాత్రం చాలాచోట్ల గుమాస్తాయే చేత్తో కొడుతున్నాడు. పోయిన నెల రసీదును తెరిచి, అంకె మార్చి, అక్షరాలు మార్చడం మరచిపోతే ఏమవుతుంది? అంకె ఈ నెలది, మాట పోయిన నెలది అవుతుంది. చట్టమేమో మాటనే నమ్ముతుంది.

ఈ చిక్కును తీర్చే ఉపాయం పట్టికలోనే ఉన్నది. అంకె ఉన్న గడిని చూచి పక్క గడిలో మాటలను తానే వ్రాసే సూత్రాన్ని మనమే తయారుచేసి, దానికి ఒక పేరు పెట్టి, యంత్రం ఇచ్చిన సూత్రాలతో సమానంగా వాడుకోవచ్చును. దీనినే సొంత ఫంక్షను అంటారు. దానిని తయారుచేయడం ఒక ఎత్తు. పదిమందీ నమ్మి వాడుకొనేటట్లు గడిలో నిలబెట్టడం మరొక ఎత్తు. ఈ రెండవ సంగతే ఈనాటి ప్రసంగానికి ముఖ్య విషయం.

ముందుగా స్ప్రెడ్‌షీటు పుట్టుపూర్వోత్తరాలు రెండు మాటలలో మనవి చేస్తాను. హార్వర్డు బిజినెస్ స్కూలులో విద్యార్థిగా ఉన్న డాన్ బ్రిక్లిన్‌కు ఈ ఆలోచన కలిగినది. అతడూ, అతని మిత్రుడు బాబ్ ఫ్రాంక్‌స్టన్‌ కలిసి నిర్మించిన విసికాల్క్ 1979లో ఆపిల్ 2 యంత్రం మీద వెలువడినది. దానిలో 63 నిలువు వరుసలు, 254 అడ్డ వరుసలు మాత్రమే ఉండేవి. 1983లో లోటస్ 1-2-3 వచ్చినది. 1985లో మెకింతాష్ యంత్రాలకు, 1987లో విండోస్‌కు మైక్రోసాఫ్టు వారి ఎక్సెల్ వచ్చినది. నేటి ఎక్సెల్ పట్టికలో 16,384 నిలువు వరుసలు, 10,48,576 అడ్డ వరుసలు ఉన్నాయి. పరిమాణం ఎంత పెరిగినా మూలసూత్రం మాత్రం మారలేదు. ఒక గడిలోని విలువ మారితే, దానిమీద ఆధారపడిన గడులన్నీ తమంత తాము మారతాయి.

నిర్మాతలు తాముగా అమర్చి ఇచ్చిన ఫంక్షన్లు ఎక్సెల్‌లో నాలుగు వందలకు పైగా ఉన్నాయి. మొత్తం కూడేది ఒకటి, సగటు తీసేది ఒకటి, వడ్డీ కట్టేది మరొకటి. వీటిలో బాట్‌టెక్స్ట్ అనే ఒక విచిత్రమైన ఫంక్షను ఉన్నది. థాయిలాండు నాణెమైన బాట్ మొత్తాన్ని అది థాయి మాటలలో వ్రాసిపెడుతుంది. రూపాయలను తెలుగు మాటలలో వ్రాసే ఫంక్షను మాత్రం ఆ జాబితాలో లేదు. ఇంగ్లీషు కోసం మైక్రోసాఫ్టువారు తమ సహాయపు పుటలలో స్పెల్‌నంబర్ అనే నమూనాను ప్రకటించినారు. అది డాలర్లకూ సెంట్లకూ వ్రాసినది. మూడేసి అంకెలను ఒక గుంపుగా తీసుకొని వేలు, మిలియన్లు, బిలియన్లు అని లెక్కిస్తుంది. అందులో డాలరు అనే మాటను తీసి రూపాయి అని పెట్టినంత మాత్రాన పని జరగదు. పది లక్షలు ఒక మిలియనుగానే మిగిలిపోతాయి. ఇతరులు కుట్టిన చొక్కా మన ఒంటికి సరిపోనప్పుడు కొలతలు మనమే తీసుకోవాలి.

ఆ కొలతలు తీసే పని ఎంతో ఆసక్తికరమైనది. మనం నోటితో రోజూ పలికే సంఖ్యలలో ఎన్ని నియమాలు దాగి ఉన్నాయో యంత్రానికి చెప్పబోయేటప్పుడు గాని మనకు తెలియదు.

మొదట శుభవార్త చెబుతాను. తెలుగు లెక్క చాలవరకు క్రమబద్ధమైనది. హిందీలో నూరు వరకు దాదాపు ప్రతి సంఖ్య పేరునూ వేరువేరుగా నేర్చుకోవలసి ఉంటుంది. తెలుగులో అట్లా కాదు. ఒకటి మొదలు పందొమ్మిది వరకు 19 మాటలు, ఇరవై మొదలు తొంభై వరకు పదుల పేర్లు 8 మాటలు, వెరసి 27 మాటలు వచ్చినవారికి తొంభై తొమ్మిది వరకు అన్నీ వచ్చినట్లే. ముప్పై, ఏడు తెలిస్తే ముప్పై ఏడు తెలుస్తుంది. కనుక యంత్రానికి ఇవ్వవలసిన నిఘంటువు చిన్నది.

నూరు దాటిన తరువాతనే అసలు వ్యాకరణం మొదలవుతుంది. 100 అంటే నూరు. 116 అంటే 'నూరు పదహారు' అనము. 'నూట పదహారు' అంటాము. 200 అంటే రెండు వందలు. 216 అంటే 'రెండు వందలు పదహారు' కాదు. 'రెండు వందల పదహారు'. అట్లాగే రెండు వేలు, రెండు వేల పదహారు. రెండు లక్షలు, రెండు లక్షల పదహారు. రెండు కోట్లు, రెండు కోట్ల పదహారు. లక్ష ఒంటరిగా ఉంటే లక్ష. వెనుక మరొక సంఖ్య వస్తే 'లక్షా పదహారు' అని దీర్ఘం వస్తుంది. కోటికీ అదే తీరు. ఇక 21 వేలను 'ఇరవై ఒకటి వేలు' అనము. 'ఇరవై ఒక్క వేలు' అంటాము. చివర ఉన్న ఒకటి, తరువాత వేలు, లక్షలు, రూపాయలు వంటి మాట రాగానే ఒక్కగా మారుతుంది. ఒంటరి ఒకటి మాత్రం ఒక రూపాయి అవుతుంది.

ఇక్కడ ఇంకొక సూక్ష్మం ఉన్నది. 'రెండు వందలు' అనే మాట తరువాత సంఖ్య వచ్చినా, రూపాయలు అనే మాట వచ్చినా 'రెండు వందల' అనే మారుతుంది. రెండు వందల పదహారు అంటాము, రెండు వందల రూపాయలు అంటాము. కాని నూరు సంగతి వేరు. సంఖ్య వస్తే నూట పదహారు. రూపాయలు వస్తే నూరు రూపాయలే గాని 'నూట రూపాయలు' కాదు. లక్ష కూడ అంతే. లక్షా పదహారు సరే. 'లక్షా రూపాయలు' సరికాదు, లక్ష రూపాయలు అనే అనాలి. అనగా ఒక మాట రూపం దాని వెనుక ఏదో వచ్చినదా లేదా అన్నదానిమీదనే కాక, వచ్చినది సంఖ్యా, వస్తువు పేరా అన్నదానిమీద కూడ ఆధారపడి ఉన్నది. బడి ముఖం చూడని ముసలమ్మ సైతం ఈ నియమాన్ని ఎన్నడూ తప్పదు. కాని దానిని ఒక వాక్యంలో చెప్పమంటే చదువుకొన్న మనం కూడ తడుముకొంటాము. సొంత ఫంక్షను వ్రాయడంలోని గొప్ప ప్రయోజనం ఇదే. నోటికి తెలిసిన దానిని బుద్ధికి తెలిసేటట్లు చేస్తుంది.

ఇక లెక్క నడిచే తీరు చూద్దాము. 21,01,116 రూపాయలను తీసుకొందాము. మొదట కోటితో భాగించాలి. భాగఫలం సున్న, కాబట్టి కోట్ల మాట లేదు. తరువాత లక్షతో భాగించాలి. 21 వచ్చి 1,116 మిగులుతుంది. దానిని వేయితో భాగిస్తే 1 వచ్చి 116 మిగులుతుంది. నూటితో భాగిస్తే 1 వచ్చి 16 మిగులుతుంది. ఇప్పుడు ఒక్కొక్క భాగఫలానికి మాట అతికిస్తూ పోతే 'ఇరవై ఒక్క లక్షల వెయ్యి నూట పదహారు రూపాయలు' అని తయారవుతుంది. వేయి ఒకటే ఉన్నప్పుడు 'ఒక వేలు' అనకుండా వెయ్యి అనాలని కూడ యంత్రానికి చెప్పవలసినదే.

మరి 120 కోట్లయితే? కోట్ల భాగఫలమే వంద దాటినది. అప్పుడు ఫంక్షను ఆ 120ని మాటలలో వ్రాసే పనిని మళ్లీ తనకే అప్పగించుకొంటుంది. 'నూట ఇరవై' అనే జవాబు వస్తుంది. దాని వెనుక కోట్లు చేరుతుంది. తనను తాను పిలుచుకొనే ఈ విధానం వలన ఎంత పెద్ద సంఖ్యకైనా అవే నియమాలు చాలుతాయి. అయితే ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెల వరకే నిక్కచ్చిగా నిలుపుకొంటుందని గుర్తుంచుకోవాలి.

ఇంతవరకు చెప్పినది నియమాల సంగతి. ఈ నియమాలకు ఇల్లు ఎక్కడ? ఎక్సెల్‌లో 1993 నుంచి వీబీఏ అనే కార్యక్రమ భాష ఉన్నది. ఆల్ట్ మీటనూ, ఎఫ్11 మీటనూ కలిపి నొక్కితే దాని వ్రాతబల్ల తెరుచుకొంటుంది. ఫంక్షనును అక్కడ మాడ్యూలు అనే మామూలు పుటలో వ్రాయాలి. ఒక పట్టికకు చెందిన పుటలోనో, వర్కుబుక్కుకు చెందిన పుటలోనో వ్రాస్తే గడికి ఆ పేరు కనిపించదు. అప్పుడు గడిలో 'నేమ్' అనే పొరపాటు గుర్తు వస్తుంది. కొత్తవారు తమ లెక్కలో తప్పేదో ఉన్నదని గంటలకొలది వెతుకుతారు. లెక్క తప్పు కాదు, చిరునామా తప్పు.

పేరు పెట్టడంలో కూడ జాగ్రత్త అవసరం. కరువు భత్యానికి ఒక ఫంక్షను వ్రాసి, దానికి డి.ఏ. అనే రెండు ఇంగ్లీషు అక్షరాల వెంట 2024 చేర్చి పేరు పెట్టినామనుకోండి. ఆ పేరు గడిలో పని చేయదు. ఎందుకంటే పట్టికలో డి.ఏ. అనే నిలువు వరుస ఒకటి ఉన్నది. అందులో 2024వ గడి ఉన్నది. యంత్రం మన పేరును గడి చిరునామాగా భావిస్తుంది. కాబట్టి చిరునామాను పోలని పేరు, చదవగానే పని తెలిసే పేరు పెట్టాలి.

తెలుగువారికి మరొక ఇబ్బంది ఉన్నది. వీబీఏ వ్రాతబల్ల తెలుగు లిపిని ఎరుగదు. అక్కడ తెలుగు మాట అతికిస్తే ప్రశ్నార్థకాల వరుస కనిపిస్తుంది. కాని పట్టికలోని గడులకు తెలుగు బాగా తెలుసును. అందువలన మన 27 మాటలనూ, నూరు, నూట, వందలు, వందల వంటి రూపాలనూ ఒక ప్రత్యేక పట్టికలో వరుసగా వ్రాసిపెట్టి, ఆ పట్టికను ఫంక్షనుకు అందించడం మంచి మార్గం. అప్పుడు గడిలో మనం ఇచ్చేవి రెండు విలువలు. ఒకటి మొత్తం ఉన్న గడి. రెండవది మాటల పట్టిక. ఇట్లా ఫంక్షనుకు అందించే విలువలను ఆర్గ్యుమెంట్లు అంటారు.

ఇబ్బంది వలన ఎన్నుకొన్న ఈ మార్గంలో ఒక పెద్ద మేలు కూడ ఉన్నది. ఎక్సెల్ ఒక సొంత ఫంక్షనును మళ్లీ ఎప్పుడు లెక్కిస్తుంది? దానికి ఇచ్చిన ఆర్గ్యుమెంట్లు మారినప్పుడు. మాటల పట్టికను ఆర్గ్యుమెంటుగా ఇవ్వక, ఫంక్షను లోపలి నుంచి చాటుగా చదివించినామనుకోండి. రేపు ఎవరైనా పట్టికలో ఎనభై అనే మాటలోని అక్షరదోషాన్ని దిద్దితే, ఆ సంగతి ఫంక్షనుకు తెలియదు. పాత తప్పే గడులలో నిలిచి ఉంటుంది. ఎప్పుడూ లెక్కిస్తూనే ఉండమని ఆజ్ఞ ఇచ్చే వోలటైల్ అనే ఏర్పాటు ఒకటి ఉన్నది గాని, పెద్ద పట్టికలను అది నత్తనడక నడిపిస్తుంది. కనుక ఫంక్షనుకు ఏది కావాలో అదంతా ముంగిట నుంచే, అందరూ చూస్తుండగా అందించడం ఉత్తమం.

ఇదే ఫంక్షను మర్యాద. గడిలో నుంచి పిలిచిన ఫంక్షను విలువలను పుచ్చుకొని ఒక జవాబు తిరిగి ఇస్తుంది. పక్క గడిలో ఏమీ వ్రాయలేదు, రంగు మార్చలేదు, మరొక పట్టికను చెరపలేదు. దీనిని ఒక లోపంగా భావించి విసుగుకొనేవారు ఉన్నారు. నిజానికి పట్టికకు ప్రాణం ఈ నియమంలోనే ఉన్నది. ప్రతి గడీ తన జవాబు తాను చెప్పుకొంటున్నంతకాలం, ఏ జవాబు ఎక్కడి నుంచి వచ్చినదో గడి మీద వేలు పెట్టి చూపవచ్చును. ఒక గడిలోని సూత్రం చాటుగా వేరొక గడిని మారుస్తూ ఉంటే ఆ లెక్కను తనిఖీ చేయడం ఎవరి తరమూ కాదు.

ఇక తప్పులు ఎక్కడ పొంచి ఉంటాయో చెబుతాను. వీబీఏలో ఇంటీజర్ అనే సంఖ్యాజాతి ఉన్నది. పేరు చూచి పూర్ణసంఖ్యలకు అదే తగినదని ఎవరైనా అనుకొంటారు. కాని దాని హద్దు 32,767. ముప్పై వేల జీతానికి చక్కగా మాటలు వ్రాసిన ఫంక్షను నలభై వేల జీతానికి పొరపాటు గుర్తు చూపుతుంది. పొరపాటు గుర్తు చూపడం కొంతలో కొంత మేలు. తప్పు ఉన్నదని తెలుస్తుంది. పైసల సంగతి అంతకంటె మోసకరం. యంత్రం లోపల దశాంశాలను రెండంకెల పద్ధతిలో దాచుకొంటుంది గనుక, 0.29ని నూటితో గుణిస్తే ఖచ్చితంగా 29 రాక, దానికి వెంట్రుకవాసి తక్కువ రావచ్చును. భిన్నాన్ని కత్తిరించి పారవేస్తే ఇరవై తొమ్మిది పైసలు ఇరవై ఎనిమిది అవుతాయి. చూచేవారికి ఏ గుర్తూ కనబడదు. కాబట్టి పైసలను ముందుగా సవరించి, ఆ తరువాతనే విడదీయాలి.

ఖాళీ గడి విషయం కూడ ఆలోచించుకోవాలి. మొత్తం వేయని రసీదుకు 'సున్న రూపాయలు' అని వ్రాయాలా, ఏమీ వ్రాయకుండా ఉండాలా? ఋణసంఖ్య వస్తే ఏమి చేయాలి? అంకెకు బదులు ఎవరైనా అక్షరాలు కొడితే ఏమి చేయాలి? వీటికి యంత్రం తనంతట తాను ఏదో ఒక జవాబు ఇస్తుంది. ఆ జవాబు మనం కోరి పెట్టినదై ఉండాలి గాని దానంతట అది వచ్చినదై ఉండరాదు. తెలియనప్పుడు నమ్మదగినట్లు కనిపించే అబద్ధం చెప్పడం కంటె, పొరపాటు గుర్తు చూపే ఫంక్షనే ఉత్తమమైనది.

గూగుల్ షీట్స్ వాడేవారికి మార్గం కొంచెం వేరు. అక్కడ యాప్స్ స్క్రిప్టు అనే భాషలో ఫంక్షను వ్రాయాలి. తెలుగు మాటలను నేరుగా అందులోనే వ్రాసుకోవచ్చును. మర్యాద మాత్రం అదే. పక్క గడిని తాకడానికి అక్కడ కూడ వీలు లేదు. ఒక్కొక్క పిలుపునకు 30 సెకన్లు మాత్రమే గడువు. గడికి ఒక పిలుపు చొప్పున వెయ్యి గడులలో ఫంక్షను పెడితే పని మందగిస్తుంది. మొత్తం వరుసను ఒకేసారి ఇచ్చి, జవాబుల వరుసను ఒకేసారి పుచ్చుకొనేటట్లు వ్రాయడం తెలివైన పని.

కార్యక్రమ భాష రానివారి మాట ఏమిటి? ఈ ప్రశ్నను 2003లో సైమన్ పేటన్ జోన్స్, అలన్ బ్లాక్‌వెల్, మార్గరెట్ బర్నెట్ అనే ముగ్గురు విద్వాంసులు ఒక పరిశోధన వ్యాసంలో లేవదీసినారు. పట్టికలో సూత్రాలు వ్రాయగలిగినవారు వేరొక భాష నేర్చుకోకుండానే సొంత ఫంక్షన్లు చేసుకోగలగాలని వారి వాదం. ఆ కోరిక నెరవేరడానికి చాలాకాలం పట్టినది. 2020 డిసెంబరులో మైక్రోసాఫ్టువారు ల్యాంబ్డా అనే ఫంక్షనును ప్రకటించి, 2022లో చందాదారులందరికీ అందించినారు. మామూలు సూత్రాన్నే ల్యాంబ్డాలో చుట్టి, నేమ్ మేనేజరులో దానికి ఒక పేరు పెడితే ఆ పేరే ఫంక్షను అవుతుంది. ఇందాక చెప్పినట్లు తనను తాను పిలుచుకోవడం కూడ దానికి చేతనవును. అదే 2022లో గూగుల్‌వారు కూడ నేమ్‌డ్ ఫంక్షన్లు అనే పేరుతో ఇటువంటి సౌకర్యం కల్పించినారు.

ల్యాంబ్డాతో మరొక సుఖం ఉన్నది. వీబీఏలో వ్రాసిన ఫంక్షను దస్త్రంతోబాటు నిలవాలంటే ఆ దస్త్రాన్ని మాక్రోలకు వీలున్న ప్రత్యేక రూపంలో భద్రపరచాలి. మామూలు రూపంలో భద్రపరిస్తే ఫంక్షను రాలిపోతుంది. పైగా మాక్రోల ద్వారా దుష్టకార్యక్రమాలు వ్యాపిస్తున్నందువలన, ఇంటర్నెట్టు నుంచి వచ్చిన దస్త్రాలలో వాటిని నిరోధించే ఏర్పాటును 2022లో మైక్రోసాఫ్టువారు అమలులోకి తెచ్చినారు. ల్యాంబ్డా ఫంక్షను సూత్రమే గాని మాక్రో కాదు గనుక, మామూలు దస్త్రంలోనే ఇమిడి దానితోబాటు ప్రయాణం చేస్తుంది. అయితే పుచ్చుకొన్నవారి వద్ద ఉన్న ఎక్సెల్ పాతదైతే అది పని చేయదు. ఏ ఇంటికి పంపుతున్నామో తెలుసుకొని పంపడమే మార్గం.

పేరు పెట్టిన సూత్రానికి ఇంత ప్రాధాన్యం ఎందుకని మీరు అడగవచ్చును. ఒక ఉదాహరణ చెబుతాను. 2012లో జె.పి.మోర్గాన్ ఛేజ్ బ్యాంకు లండన్ శాఖ వ్యాపారంలో ఆరు వందల కోట్ల డాలర్లకు పైగా నష్టపోయినది. మరుసటి సంవత్సరం జనవరిలో బ్యాంకువారే ప్రకటించిన విచారణ నివేదికలో ఒక చిన్న విషయం వెల్లడి అయినది. నష్టభయాన్ని అంచనా వేసే లెక్కను కొన్ని స్ప్రెడ్‌షీట్లలో నడిపినారు. ఒకదాని నుంచి ఒకదానికి అంకెలను చేతితో అతికించేవారు. అందులో ఒక సూత్రం, రెండు రేట్ల సగటుతో భాగించవలసి ఉండగా, వాటి మొత్తంతో భాగించినది. దానివలన నష్టభయం ఉన్నదానికంటె తక్కువగా కనిపించినది. నష్టానికి అదొక్కటే కారణమని నేను అనడం లేదు. కాని ఆ లెక్కను ఒక పేరున్న ఫంక్షనుగా ఒక్కచోట వ్రాసి, నాలుగు తెలిసిన అంకెలతో పరీక్షించి ఉన్నట్లయితే, సగటుకూ మొత్తానికీ ఉన్న రెట్టింపు తేడా దాగి ఉండేది కాదు. ఒక సూత్రాన్ని వెయ్యి గడులలో వెయ్యి మార్లు వ్రాస్తే తప్పుకు వెయ్యి దారులు. ఒక్కచోట వ్రాసి పేరు పెడితే తప్పును దిద్దడానికి ఒక్కటే దారి. దిద్దిన వెంటనే వెయ్యి గడులూ దిద్దుకొంటాయి.

అయితే ఆ ఒక్కచోటు తప్పయితే వెయ్యి గడులూ తప్పే. కనుక పరీక్ష లేని ఫంక్షనును చలామణీలో పెట్టరాదు. పరీక్షకు పెద్ద పరికరాలు అవసరం లేదు. మరొక పట్టిక తీసుకొని, మొదటి వరుసలో అంకెలు వ్రాయండి. రెండవ వరుసలో వాటి తెలుగు మాటలను, ఫంక్షను వ్రాసినవారు కాక తెలుగు బాగా తెలిసిన మరొకరి చేత వ్రాయించండి. మూడవ వరుసలో ఫంక్షనును నిలపండి. నాలుగవ వరుసలో ఆ రెండూ సమానమేనా అని అడగండి. అంకెలను ఎన్నుకోవడంలో నేర్పు ఉన్నది. 37, 58 వంటి మామూలు సంఖ్యలు ఎన్ని ఇచ్చినా ఏమీ బయటపడదు. మార్పు జరిగే గట్ల మీద నిలిచి చూడాలి. సున్న, 1, 19, 20, 21, 100, 101, 116, 200, 216, 1,000, 1,116, 21,000, 32,767, 32,768, లక్ష, లక్షా ఒకటి, కోటి, 120 కోట్లు, 29 పైసలు. ఇవి నెగ్గిన ఫంక్షను మిగిలినవి కూడ నెగ్గుతుందని ధైర్యంగా చెప్పవచ్చును. ఆ పరీక్ష పట్టికను ఫంక్షనుతోబాటే భద్రపరచాలి. రేపు ఎవరైనా ఒక నియమం మార్చినప్పుడు పాతవన్నీ నిలిచినవో లేవో క్షణంలో తెలుస్తుంది.

పెళ్లి కట్నాలలోనూ, పండిత సంభావనలలోనూ నూట పదహారు, వెయ్యి నూట పదహారు సమర్పించడం మనకు పరిపాటి. ఆ రెండు సంఖ్యలలోనే నూట అనే రూపమూ, వెయ్యి అనే రూపమూ ఇమిడి ఉన్నాయి. తెలుగు ఫంక్షనుకు ఇంతకంటె శుభమైన తొలి పరీక్ష వేరే అక్కరలేదు.

చివరగా ఒక్క మాట. మన కార్యాలయాలలో ఎన్నో లెక్కలు ఒకే ఒక గుమాస్తా తలలో ఉంటున్నాయి. ఫలానా భత్యం ఎట్లా సవరించాలో, ఫలానా వడ్డీ ఏ తేదీ నుంచి కట్టాలో ఆయనకే తెలుసు. ఆయన పదవీ విరమణతో ఆ తెలివి కూడ ఇంటికి వెళ్లిపోతున్నది. ఆ నియమాన్ని ఒక పేరున్న ఫంక్షనుగా వ్రాసి, ఏమేమి విలువలు ఇవ్వాలో, ఏమి జవాబు వస్తుందో నాలుగు పంక్తులలో వివరణ చేర్చి, పరీక్ష పట్టికతో అప్పగిస్తే అది ఆ కార్యాలయానికి ఆస్తిగా నిలుస్తుంది. కొత్తగా వచ్చినవారు దానిని వాడుకోవచ్చును. అనుమానం వస్తే తెరిచి చదువుకోవచ్చును. తప్పు కనిపిస్తే దిద్దవచ్చును. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం ఖాతాదారుడు చెక్కును హిందీలోనైనా, ఇంగ్లీషులోనైనా, తన ప్రాంతీయ భాషలోనైనా వ్రాయవచ్చును. ఆ హక్కు మనకు ఉన్నది. గడిలోని అంకె పక్కన నిలిచే తెలుగు మాట సరియైన మాటగా ఉండేటట్లు చూచుకోవడం మన చేతిలోని పని.